వేడి మిక్సీలో ఆవాలు

1995వ సంవత్సరం. ఊరి పేరు అప్పటికి ఇంకా మద్రాసే. వాషర్‌మెన్‌పేట్‌లో మార్కెట్టుకు పోయే సందు మొదట్లో నా మిక్సీ రిపేరు షాపు ఉండేది. జార్జి టౌన్ నుంచి మనలి దాకా ఏ వంటింట్లో మిక్సీ మూలిగినా ఆ ఇంటి ఇల్లాలి నోట మొదట వచ్చే పేరు మునిరత్నం. పొద్దున షాపు తలుపు తీసేసరికి మిక్సీలు చంకన పెట్టుకున్న జనం బస్టాపు దాకా నిలబడి ఉండేవారు.

ఇది కొంచెం ఎక్కువైంది. మనలి దాకా అంత పేరు లేదు. మా సందు, దాని పక్క సందు, అంతే. బస్టాపు దాకా నిలబడింది బస్సు కోసం వచ్చినవాళ్లు. మా సందులోనే ఇంకో మెకానిక్ ఉండేవాడు, నాకన్నా చేయి తిరిగినవాడు. కాకపోతే అతనికి మధ్యాహ్నం నిద్ర అలవాటు. ఆ నిద్రవేళలో వచ్చిన గిరాకీ అంతా నాది. నేను చెప్పబోయే నాయుడుగారు కూడా అలాంటి ఒక మధ్యాహ్నమే వచ్చారు.

మిక్సీ మెకానిక్ పని గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. మిక్సీకి వచ్చే జబ్బులు ఎక్కువ లేవు. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్ అనే చిన్న ముక్క అరిగిపోతుంది. మోటారు తిరుగుడును జారుకు అందించే కప్లర్, అంటే పళ్లున్న రబ్బరు బిళ్ల, తెగిపోతుంది. జారు అడుగున బ్లేడు తిరిగే ఇత్తడి గొట్టాన్ని బుష్ అంటాం. దాని చుట్టూ నీళ్లు కారకుండా సీల్ అనే రబ్బరు వలయం ఉంటుంది. అది పోతే పచ్చడి కారి మోటారులోకి దిగుతుంది. ఇంతకు మించి ఏముంటుంది? ఎండుకొబ్బరీ పసుపుకొమ్ములూ వేసి మోటారును చంపేవాళ్లుంటారు. వాళ్ల చలవ వల్లే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ రోజు ఒక పెద్దాయన చేతికుట్టు గుడ్డసంచిలో ఏదో బరువైన వస్తువు పట్టుకొని, పసిబిడ్డను దించినట్టు నా బల్ల మీద దించాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, డెబ్బై దాటిన వయసు.

"మునిరత్నం అంటే నువ్వేనా అబ్బాయ్?"

"నేనే సామీ, కూర్చోండి."

"ఆఁ?"

"కూర్చోండి సామీ!"

"అరవబాక. ఎడమ చెవి పూర్తిగా పోయినాది. కుడిపక్కకు వచ్చి చెప్పు, కొంజం వినపడతాది."

జార్జి టౌన్ వరదరాజులు నాయుడుగారు ఆయన. తరతరాలుగా మద్రాసులో ఉన్న తెలుగువాళ్లు. హార్బరులో ఓడలకు సరుకులు సరఫరా చేసే ఒక కంపెనీలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఓడల మీద సరుకు దించే యంత్రాల మోతకే చెవులు పోయాయట. పెద్ద గొంతు అయితే వినపడేది. సన్నని చప్పుళ్లు ఆయన లోకంలోంచి ఎప్పుడో వెళ్లిపోయాయి.

సంచి తీశారు. లోపల లేత పచ్చరంగు మిషన్. మన మిక్సీ కన్నా పొడుగు, మందపాటి గాజు జారు, జారు అడుగున తళతళలాడే ఉక్కు పలక.

"దీని సంగతి నీకు తెలుసునా?"

"తెలియకేం సామీ! ఇట్లాంటివి ఎన్ని విప్పలేదు!"

చచ్చినా చూడలేదు. జారు అడుగున మూడు పిన్నులు ఎందుకున్నాయో కూడా అర్థం కాలేదు. మిక్సీ జారుకు కరెంటుతో పనేమిటి? కానీ బల్ల మీదకు వచ్చిన మిషన్‌ను తెలియదన్న మెకానిక్ దగ్గరికి రెండోసారి ఎవరూ రారు. తల ఊపుతూ, గొంతు సవరించుకుంటూ, ఆయన చేతే అంతా చెప్పించుకున్నాను.

అది వేడి మిక్సీ. మనం పుట్టిన కాలం నాటి విదేశీ సరుకు. జారు అడుగు పలక కింద హీటర్ ఉంటుంది. పైన బ్లేడు తిరుగుతూ ఉంటే కింద పలక కాలుతూ ఉంటుంది. పచ్చి పప్పూ టమోటాలూ నీళ్లూ వేసి మూత పెడితే మెదిగి, ఉడికి, చిక్కటి కట్టుగా దిగుతుంది. దానికి మన గోడలోని కరెంటు ఎక్కువ, సగమే కావాలి. అందుకని ఇటుక లాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తోడుగా ఉంటుంది. ఓడల్లో వంటవాళ్లు కొత్త సామాను వచ్చినప్పుడు పాతవి వదిలించుకునేవారట. నాయుడుగారు వాటిని పోగుచేశారు. పచ్చది, మీగడ రంగుది, ఉక్కు జారుది, ఇంకొకటి, మొత్తం నాలుగు. ఉద్యోగం ఉన్న రోజుల్లో ఆదివారం వస్తే ఇంటికి జనాన్ని పిలిచి ఒకదాంట్లో టమోటా రసం, ఒకదాంట్లో పాలకోవా తిప్పించి, మూత తీసేటప్పుడు గారడీవాడిలా అందరి ముఖాలూ చూసేవారట. ఒకసారి రాగిసంకటి చేయబోతే బ్లేడు సంకటిలో ఇరుక్కుని జారు దానంతటదే గిరగిరా తిరిగిందట. చెబుతూ చెబుతూ ఆయనే నవ్వారు.

తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు ఆట కాదబ్బాయ్. మా ఆవిడ ఆండాళుకు గొంతులో గడ్డ. మెతుకు దిగదు. పలుకు తగలకూడదు, కారం తగలకూడదు, వడగట్టి వెచ్చగా పట్టమన్నారు డాక్టర్లు. ఇంకెన్నాళ్లు అని అడిగితే ఆకాశం చూపించినారు. సెరి, దానికి నేనేమీ చేయలేను. ఉన్నన్నాళ్లు ఆకలితో ఉండకూడదు. అంతే నేను కోరేది."

"ఈ మిషన్‌లోనే చేసి పడతా ఉండారా?"

"మూడు పూటలా నేనే. మొదట్లో తాగేది. ఇప్పుడు గిన్నె మూతికాడికి తీసుకపోతే తల పక్కకు తిప్పేస్తా ఉండాది. ఏమే అంటే మాట్లాడదు. మిషన్‌కు వేడి తగ్గిపోయినాది, వేరే కారణం లేదు. మిగతా మూడిట్లో హీటర్లు ఎప్పుడో కాలిపోయినాయి. ఇదొక్కటే ఉండాది. నువ్వు వేడి పెంచియ్యి."

నేను సీరీస్ బల్బు పెట్టి చూశాను. అది మా వాళ్ల నాడి చూసే పరికరం. మామూలు బల్బుకు రెండు తీగలు తగిలించి, అనుమానం ఉన్న చోట ఆనిస్తే, వెలుగును బట్టి లోపలి కాయిల్ బతికుందో లేదో తెలుస్తుంది. బల్బు బాగానే వెలిగింది. పలక విప్పి చూస్తే తీగ చుట్టిన అభ్రకపు రేకు ఒక మూల చిట్లి ఉంది. వేడి ఒకవైపు కొంచెం తక్కువగా వస్తూ ఉండవచ్చు. దొరికిందిరా దొంగ అనుకున్నాను. విదేశాల నుంచి ప్రత్యేకంగా తెప్పించిన తీగతో కొత్త కాయిల్ చుట్టానని నాయుడుగారితో చెప్పాను. నిజానికి ఆ తీగ మూల పడేసిన ఒక ఇస్త్రీ పెట్టెలోది. కానీ చుట్టడం మాత్రం శ్రద్ధగా చుట్టాను. పలక మీద నీటిచుక్క వేస్తే చుయ్యిమంది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు. చొక్కాకు ఇస్త్రీ లేదు.

"బాగా కాలతా ఉండాది. కానీ తాగడంలా."

ఇంకొంచెం సర్దాను. జారు పిన్నులు గీకి శుభ్రం చేశాను. మూడోసారి వచ్చినప్పుడు ఆయన కూర్చోను కూడా లేదు.

"నిన్నంతా రెండు చెంచాలు. అంతే దిగినాది. ఒకసారి ఇంటికి వచ్చి నీ కళ్లతో చూడు నాయనా. మిషన్‌కు ఏమైందో నాకు తెలీడంలా."

మరుసటి రోజు వెళ్లాను. మా ఆవిడ కాంతమ్మకు అటువైపు బంధువులింట్లో పని ఉండి నాతో బస్సెక్కింది. జార్జి టౌన్ సందులో తోపుడు బండ్ల మధ్య నుంచి పక్కకు తిరిగి నడిచి, గోడకు భుజం రాసుకునే మెట్లెక్కితే మేడ మీద రెండు గదుల ఇల్లు. వంటగది గుమ్మం పక్కనే నవారు మంచం. దాని మీద ఆండాళమ్మగారు. మనిషి పెద్దగా లేదు. పసుపు రాసిన ముఖం, దాంట్లో రెండు కళ్లు మాత్రం బాగా మెరుస్తున్నాయి.

ఎదురుగా అలమారులో మిగతా మూడు మిషన్లూ ఉతికిన గుడ్డలు కప్పుకొని ఉన్నాయి.

"రాండి," అందావిడ. గొంతు బొంగురుగా, గీసినట్టు వచ్చింది. "నా సవతిని బాగుచేసేది మీరేనా?"

"సవతా?" అంది కాంతమ్మ.

"నలుగురు పాపా నాకు. నలుగురూ దొరసానులే. ముగ్గురు ముసలివాళ్లయి మూల కూర్చున్నారు. ఈ పచ్చచీర దానికి మాత్రం ఇంకా వేడి తగ్గలా."

కాంతమ్మ చెంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నాయుడుగారికి ఇదేమీ వినపడలేదు. ఆయన పప్పు కడుగుతున్నారు.

ఆయన వంట చూడవలసిందే. పెసరపప్పు, రెండు టమోటా ముక్కలు, చిటికెడు పసుపు, ఉప్పు, నీళ్లు కొలిచి జారులో పోశారు. మూత బిగించి, ట్రాన్స్‌ఫార్మర్ వేసి, మిషన్ మీద అరచేయి ఆనించి నిలబడ్డారు. మోత ఆయనకు సరిగా వినపడదు, అరచేతికి అదురు తెలిస్తే చాలు. గాజు మీద ఆవిరి పట్టింది. పసుపుపచ్చని నురగ పైకి లేచింది. ఆపి, వడగట్టి, వెండి గిన్నెలో పోసి, తన చిటికెన వేలు ముంచి చూసుకుని, ఆమె దగ్గరికి తీసుకుపోయారు. నా వేలూ ముంచాను. వేడి సరిగ్గా ఉంది. ఉప్పు ఉంది. పలుకు లేదు.

ఆమె ఒక చెంచా తాగింది. రెండో చెంచాకు పెదాలు మూసుకుంది.

"చూసినావా?" అన్నారు నాయుడుగారు. చెంచాను గిన్నెలో పెట్టేశారు. "చూసినావా అబ్బాయ్?"

సరిగ్గా అప్పుడే వెనక కిటికీలోంచి పక్కింటి వంటగది చప్పుడు వచ్చింది. ఎవరో నూనెలో ఆవాలు వేశారు. చిటచిటా, ఆ వెంటనే కరివేపాకు చుయ్యిమన్న చప్పుడు, ఇంగువ వాసన. ఆండాళమ్మగారి తల మెల్లగా కిటికీవైపు తిరిగింది. కళ్లు మూసుకుంది. ఆ ఎండిన గొంతు ఒకసారి గుటక వేసింది. నేను ఆ గుటకను చూశాను. చూడగానే అంతా తెలిసిపోయింది. చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి, జబ్బు మిషన్‌కు కాదు సామీ అన్నాను.

ఈ సంగతిని ఇన్నేళ్లుగా ఎంతోమందికి ఇలాగే చెప్పాను. విన్నవాళ్లంతా నా చూపును మెచ్చుకున్నారు. జరిగింది అది కాదు. ఆ సమయానికి నేను మిషన్‌ను బోర్లా తిప్పి, దాని పొట్టలో ముక్కు పెట్టి కార్బన్ బ్రష్ వెతుకుతున్నాను. పక్కింటి తాలింపు వాసనకు నాకు ఆకలి వేసింది, అంతే. గుటకను చూసింది మా ఆవిడ.

"ఏమయ్యా," అంది కాంతమ్మ. "దాన్ని వదిలిపెట్టి లెయ్యి."

"ఉండవే, పని చేస్తా ఉండా గదా!"

"నీ పని కాదిది, లెయ్యి. నాయుడుగారూ! నాయుడుగారూ! నెయ్యి యాడుంది?"

కాంతమ్మ ఆయన కుడిచెవి దగ్గరికి పోయి ఇంకోసారి అరిచింది. ఆయన అలమారు చూపించి, "పోపు వద్దమ్మాయ్! పలుకు తగిలితే దగ్గు పట్టుకుంటాది. డాక్టరు గట్టిగా చెప్పినాడు!" అన్నారు కంగారుగా.

"పలుకు తగలదులే సామీ. చూడండి."

గుంటగరిటె పొయ్యి మీద పెట్టి, నెయ్యి వేసి, ఆవాలు, జీలకర్ర, ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు వేసింది. వంటగదిలో కాదు, గుమ్మం దగ్గరికి స్టవ్వు లాగి, ఆండాళమ్మగారికి కనపడేలా. ఆవాలు చిటపటలాడుతుంటే ఆవిడ మోచేతి మీద లేచి చూసింది. కాంతమ్మ ఆ పోపును టీ వడపోసే జల్లెడలో వంపింది. గింజలు పైన ఆగాయి. నెయ్యి, దాని వాసన మాత్రం పప్పుకట్టులోకి దిగాయి. గిన్నెలో చిన్న చుయ్యి వినపడింది.

"ఇప్పుడైంది వంట," అంది ఆండాళమ్మగారు.

గిన్నెడూ తాగింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, దగ్గింది, మళ్లీ చేయి చాపింది. నాయుడుగారు ఖాళీ గిన్నెను చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమే?" అని అడిగారు.

ఆవిడ ఆయన కుడిచెవి దగ్గరగా వంగమని చేత్తో పిలిచింది. గొంతు లేదు కాబట్టి ప్రతి మాటా విడిగా పెట్టింది.

"నలభై ఏండ్లు నా వంట తిన్నారే, ఒకనాడైనా వంక పెట్టినారా? ఆశగా వండి తెస్తా ఉంటే నేనెట్టా పెట్టేది?"

ఆయన లేచి పోయి అలమారులోని గుడ్డలు సర్దారు. అవి ముందే సర్ది ఉన్నాయి.

ఆ తర్వాత కాంతమ్మ వీలైనప్పుడల్లా మధ్యాహ్నం బస్సెక్కి జార్జి టౌన్‌కు పోయేది. ఎవరూ అడగలేదు. "ఏమో, ఆ పెద్దమ్మ సవతుల కథలు వినడానికి పోతా ఉండా" అనేది. కాంతమ్మ పోయిన రోజు ఆవిడ తాగేది. పోని రోజు నాయుడుగారు తనే పోపు పెట్టబోయేవారు. ఆయనకు ఆవాలు పేలే చప్పుడు వినపడదు. కళ్లకు శుక్లాలు, గింజ కదలడం కనపడదు. పేలిందా లేదా అని గరిటె మీద వంగి చూస్తూ ఉండేసరికి పోపు నల్లగా మాడిపోయేది. ఒకరోజు నెయ్యి చింది మణికట్టు బొబ్బలెక్కింది. మాడిన పోపు వేసిన కట్టును ఆండాళమ్మగారు తాగబోయి దగ్గుతో అల్లాడిపోయిందని కాంతమ్మ వచ్చి చెప్పింది.

అరవవాళ్ల వానల నెల ఐప్పసి చివర్లో, ఆకాశం నల్లబడి ఉన్న ఒక మధ్యాహ్నం, నాయుడుగారు మళ్లీ షాపుకు వచ్చారు. మణికట్టుకు గుడ్డ కట్టి ఉంది.

"అబ్బాయ్, ఈ పలకకు ఇంకా వేడి పెంచు. ఆవాలు పేలేంత వేడి. నేను పొయ్యికాడ నిలబడలేను. ఈ మిషన్ అయితే నా చేతికి అలవాటు. ముందు నెయ్యీ ఆవాలూ దీంట్లోనే వేసి పేల్చి తీసేసి, దాని మీద పప్పు పోస్తా."

ఆ మిషన్‌లో థర్మోస్టాట్ అనేది ఒకటి ఉంది. రెండు లోహాలు అతికించిన చిన్న రేకు. పలక ఒక హద్దు దాటి కాలితే ఆ రేకు వంగి కరెంటును ఆపేస్తుంది. చల్లారితే మళ్లీ కలుపుతుంది. కట్టు మరిగేంత వేడిని రానిస్తుంది, ఆవాలు పేలేంత వేడిని రానివ్వదు. దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేయడాన్ని మా సందులో డైరెక్ట్ చేయడం అంటారు. ఇస్త్రీ పెట్టెలకు, గీజర్లకు రోజూ జరిగే పనే.

నేను చేతులు కట్టుకుని గట్టిగా చెప్పాను. "చేయను సామీ. గాజు జారు. నెయ్యి కాగి పలక ఎర్రబడితే పగిలి ఇంటికి నిప్పంటుకుంటాది. ఎంతిచ్చినా చేయను."

మాట నిజమే, ప్రమాదమే. ఆ పెద్దాయన కూడా, "నువ్వు మంచి పనివాడివి నాయనా" అన్నారు. కానీ నేను చేయకపోవడానికి కారణం అది కాదు. ముందు రోజుల్లోనే ఆ పలక కింద చూశాను. థర్మోస్టాట్‌ను రివెట్లు కొట్టి పలకకు అతికించారు. పీకితే మళ్లీ పెట్టడం నాకు చేతకాదు. ఉన్న ఒక్క మిషన్ నా చేతిలో చచ్చిపోతుందని భయపడ్డాను. చేతకాదు అనడానికి నోరు రాక, చేయను అన్నాను. ఆయన మిషన్‌ను సంచిలో పెట్టుకుని, వానచినుకుల్లో తల మీద చేతిగుడ్డ వేసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రికే ముసురు పట్టింది. ఉత్తర మద్రాసులో వాన అంటే అందరికీ తెలిసిందే. మా సందులో మోకాలి లోతు నీళ్లు. షాపులో కింది అరల్లోని మోటార్లన్నీ మంచం ఎక్కించాం. బస్సులు ఆగిపోయాయి. కాంతమ్మ గడపలో నిలబడి నీళ్లను చూస్తూ, "ఆ పెద్దమ్మ ఏం తాగిందో" అనేది. నీళ్లు తీశాక పరుగున పోయింది. వచ్చాక నాతో ఎక్కువ మాట్లాడలేదు. బాగా నీరసపడిందని, చెయ్యి పట్టుకుని నవ్విందని మాత్రం చెప్పింది. ఇంకో రెండు మూడుసార్లు పోయివచ్చింది. మార్గశిర మాసంలో ఒక పొద్దున ఆండాళమ్మగారు పోయారు.

ఆ రోజు మా ఇంట్లో చారుకు పోపు పెడుతూ కాంతమ్మ ఆవాలు పేలేటప్పుడు అటు తిరిగి నిలబడింది. నేను చూడనట్టు తింటూ కూర్చున్నాను.

సంక్రాంతి దాటి, ఎండలు మొదలయ్యాక నాయుడుగారు వచ్చారు. అదే సంచి, అదే పచ్చ మిషన్. మనిషి కొంచెం వంగాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

"అడుగున కారతా ఉండాది అబ్బాయ్. నాకు కూడా ఇప్పుడు దీంట్లోదే కదా. సీల్ చూడు."

స్టూలు వేసి కూర్చోబెట్టి, జారు బోర్లించి విప్పాను. సీల్ ఒకవైపు చీలి ఉంది. రబ్బరు దానంతటది అలా చీలదు, ఏదో గట్టిది ఇరుక్కోవాలి. బుష్ చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గీకాను. నల్లటి గింజలు బల్ల మీద రాలాయి. ఆవాలు. బ్లేడుకు దొరక్కుండా కిందికి జారినవి. వేలితో నొక్కి చూశాను. ఉబ్బి ఉన్నాయి, కానీ గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఒక్కటీ పేలలేదు.

మెల్లగా ఆయన కుడిపక్కకు పోయాను.

"సామీ, దీంట్లో ఆవాలు వేసినారా?"

"ఆ వాన వారంలో. మీ ఆవిడ రాలేకపోయింది కదా. అన్ని పూటలా దీంట్లోనే వేసినా."

"పేలలేదు సామీ."

"తెలుసు. నాకు వినపడకపోతే ఏం, ఆండాళు ముఖం చూస్తే తెలీదా? నెయ్యి వేసి, ఆవాలు వేసి, స్విచ్చి వేసి ఆమె ముఖం చూస్తా కూర్చున్నా. ఆమె మిషన్ వైపే చూస్తా ఉండాది. ఎంతసేపైనా ముఖంలో ఏమీ లేదు."

"మరి ఆ వారమంతా ఏమీ తాగలేదా?"

"ఎందుకు తాగలేదు? తాగినాది. మూడు పూటలా తాగినాది."

పేలని ఆవాలు నలిగితే కట్టంతా చేదెక్కి ఉంటుంది. ఎలా తాగిందని అడిగాను.

పెద్దాయన సందులోకి చూశారు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ నావైపు తిరిగారు.

"నేనే పేల్చినా."

"ఎట్లా సామీ?"

"నోటితో."

పెదాలు బిగించి, బుగ్గలు ఉబ్బించి, షాపు ముందు జనం నడుస్తూ ఉండగానే చేసి చూపించారు. చిటచిట, చిటపట, చివర్లో కరివేపాకు వేసినట్టు చుయ్యిమని. దారిన పోయే ఒకామె ఆగి చూసి, తల తిప్పుకుని వెళ్లింది.

"మొదటిసారి చేసినప్పుడు నవ్వినాది. నవ్వి నవ్వి దగ్గు పట్టుకునింది. తర్వాత గిన్నె తీసుకునింది. ఆ వారమంతా పూటపూటకూ నేను చిటపటమనడం, ఆమె తాగడం."

అప్పుడు నా కళ్లలో నీళ్లు ధారగా కారాయని ఇంతకుముందు కొందరికి చెప్పాను. కారలేదు. నేను నవ్వాను. ఆయనా నవ్వారు. ఇద్దరం బల్లకు అటూ ఇటూ కూర్చుని కాసేపు నవ్వుకున్నాం. తర్వాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. నేను కొత్త సీల్ వేసి, బుష్ శుభ్రం చేసి, జారు బిగించాను.

ఆ మిషన్ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. పరికరాలు మారాయి, మిక్సీలు మారాయి. నాకు ఆ కేసు ఇచ్చిన అలవాటు ఒక్కటే. ఎవరైనా వచ్చి వేడి చాలడం లేదు, మెత్తగా పడడం లేదు, ఇంట్లో తినడం లేదు అంటే, సీరీస్ బల్బు తీయకముందు తినేది ఎవరని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు స్టూలు లాక్కుని కూర్చుంటారు. అలా కూర్చున్నవాళ్ల మిక్సీలను చాలాసార్లు విప్పే పనే పడలేదు.

ఇంకొక మాట మిగిలింది. ఆ రోజు సంచి భుజానికి తగిలించుకుని మెట్టు దిగబోయి, నాయుడుగారు ఆగారు.

"మునిరత్నం, ఆవాలు పేలే చప్పుడు విని నాకు ఇరవై ఏండ్లు దాటిపోయినాయి. గుర్తున్నంతలో చేసినా. అట్లానే ఉంటాది కదా?"

ఆయన చేసిన చప్పుడు ఆవాల చప్పుడులా లేదు. నూనె లేని తోపుడు బండి జార్జి టౌన్ రాళ్ల మీద పోతున్నట్టు ఉంది.

నేను ఆయన కుడిచెవి దగ్గరికి వంగి, "అచ్చం అట్లానే ఉంది సామీ" అన్నాను.

పైన చెప్పిన కోతలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాను. ఇది మాత్రం తీసుకోను.